చెంగల్వ గీయని గొలుసు

ధూసరనాథుడి భటులు పన్నెండు మంది గుర్రాల మీద తరుముకొస్తున్నారు. వాళ్ళ ముందు కెంపేటి లోయలో చెంగల్వ ఒంటరిగా కాళ్ళకు బుద్ధి చెబుతోంది. బొమ్మలాటవాడి వేషం కోసం అంటించుకున్న పెట్టుడు మీసం సగం ఊడి గడ్డం మీద వేలాడుతోంది. వీపున తోలుబొమ్మల మూట, నడుముకు బిగించి చుట్టుకున్న రెండు మూరల చిరుగు పేలిక. భటులకు కావలసింది ఆ పేలికే. వెలిసిపోయిన గుడ్డముక్క కోసం ఒక మాంత్రికుడు పన్నెండు గుర్రాలను పంపాడంటే పొరుగు రాజ్యం వాళ్ళకు నవ్వు రావచ్చుగాని, అరుణావతిలో మాత్రం ఎవరూ నవ్వరు.

గుర్రాలు ఇంకా రెండు బాణవేటుల దూరంలో ఉన్నాయి. ఆ పేలిక కథ చెప్పుకోవడానికి మనకు ఆ పాటి వ్యవధి చాలు.

ఒకప్పుడు అరుణావతి బట్టలంటే ఏడు రాజ్యాల్లో పేరు. చీర చెంగున బండిచక్రమంత తామరపువ్వు, దుప్పటి మీద మంచం పట్టనంత హంస, పెళ్ళిపందిరి కప్పు మీద నిలువెత్తు మోదుగుపూలు. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, దానిమ్మ తొక్కల పసుపు. అక్కడి అద్దకపువాళ్ళకు సన్నపువ్వు చేతకాదని కాదు, దాన్ని వాళ్ళు పిసినారితనం అనేవారు. వాటన్నిటికీ తలమానికంగా కోట తూర్పు గోడ మీద పన్నెండు మూరల పటం వేలాడేది. దాని మీద మహాశరభం: సింహం ముఖం, ఎనిమిది కాళ్ళు, గోడ ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరుచుకున్న రెక్కలు. శత్రువు పొలిమేర తొక్కితే శరభం పటంలోనుంచి దిగివచ్చేది. పని చూసుకుని మళ్ళీ పటంలోకి వెళ్ళిపోయేది.

ముప్పై ఏళ్ళ కిందట ధూసరనాథుడు వైద్యుడి వేషంలో వచ్చి రాజును కడతేర్చి, ఆ పటాన్ని తగలబెట్టాడు. పాత అచ్చులన్నీ పొయ్యిలో పెట్టించాడు. ఆనాటినుంచి అరుణావతిలో ఆవగింజకన్నా పెద్ద బొమ్మ బట్ట మీద కనిపించకూడదు. జనమంతా బూడిదరంగు గుడ్డ మీద నల్లచుక్కలు కట్టుకుని తిరుగుతున్నారు. ఎవరైనా చెయ్యి ఊరుకోక పెద్ద బొమ్మ అద్దితే, మాంత్రికుడు వాళ్ళను తన బెత్తంతో ఒక్కసారి తాకుతాడు. తాకిన మనిషి వేలెడంత ఎర్రబొమ్మగా మారి అతని శాలువా మీద అచ్చుపడతాడు. ఏటా చైత్ర పున్నమినాడు మిట్టమధ్యాహ్నం ఆ శాలువాను చవుటిమడుగులో ఉతికిస్తాడు. పన్నెండు ఉతుకులకు రంగు పూర్తిగా పోతుంది. రంగుతోపాటు మనిషీ పోతాడు.

చెంగల్వ అన్న బయ్యన్న ఆ శాలువా మీద ఉన్నాడు. చెల్లెలు ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, ముచ్చటపడి దాని పరికిణీ మీద పెద్ద హంసను అద్దాడు. అంతే అతను చేసిన నేరం. పదకొండు ఉతుకులు అయిపోయాయి. పన్నెండోది ఎల్లుండి.

శరభం రెక్క విసురు ఒక్కసారి తగిలితే ఆ శాలువాలోని వాళ్ళందరూ మనుషులై లేస్తారు. కాని శరభం రూపం ఎవరికీ పూర్తిగా గుర్తులేదు. అందుకే చెంగల్వ నాలుగేళ్ళు దేశమంతా గాలించింది. చేతికి దొరికిన పని ఏదీ వదలని పిల్ల అది. అచ్చులు చెక్కుతుంది, మగ్గం నేస్తుంది, తోలుబొమ్మలు ఆడిస్తుంది, గోడల మీద చిత్రాలు వేస్తుంది. ఒక్క పనిలో కుదురుగా ఉండవే అని చిన్నప్పుడు తిట్టినవాళ్ళే ఎక్కువ. ఆ కుదురులేనితనమే ఇప్పుడు అక్కరకొచ్చింది. గొర్రెలకాపరి బొంతలో శరభం గోళ్ళు దొరికాయి, ఒక పాడుబడిన మండపం కప్పు మీద రెక్క దొరికింది, బొమ్మలాటవాళ్ళ పాటలో ఈకల లెక్క దొరికింది. మిగిలింది ముఖం. మంటల్లోంచి ఎగిరిపడిన ఆ ముఖం ముక్కను ధూసరుడు తన భోషాణంలో దాచుకుంటే, నిన్న అతని కోటలోనే బొమ్మలాట ఆడి, దాన్ని నడుముకు చుట్టుకుని వచ్చేసింది.

ఇక గుర్రాలు దగ్గరికి వచ్చేశాయి.

లోయ మలుపులో చెంగల్వ ఆగి వెనక్కి తిరిగింది. ఉదయపు సూర్యుడు ఇంకా కొండంచునే ఉన్నాడు, వెలుగు ఆమె వీపు మీద పడుతోంది. మూట విప్పి పదితలల రాక్షసుడి తోలుబొమ్మను బయటికి లాగి, రెండు చేతులతో తన తల మీదికి ఎత్తి పట్టుకుంది. బొమ్మ మూడు మూరలే. నీడ మాత్రం లోయ నేల మీద ముప్పై మూరలు సాగి, సరిగ్గా గుర్రాల కాళ్ళ కిందికి పోయింది. చెంగల్వ పుల్ల కదిపింది. నేల మీద పది నల్లని తలలు ఒక్కసారిగా నోళ్ళు తెరిచాయి. ముందున్న గుర్రం వెనక కాళ్ళ మీద లేచింది, వెనకది దాన్ని గుద్దుకుంది, ఇరుకు దారిలో పన్నెండు గుర్రాలూ పన్నెండు మంది భటులూ ఎవరెవరో తెలియనంతగా కలిసిపోయారు. వాళ్ళు తేరుకునేలోగా చెంగల్వ తాళ్ళ వంతెన దాటి, అచ్చులు చెక్కే ఉలితో అవతలి మోకులు కోసేసింది. వంతెన కెంపేట్లో పడ్డ చప్పుడు విన్నాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

ఆమె తిన్నగా నారగుట్టకు వెళ్ళింది. ఆ గుట్ట గుహలో సింగనాచార్యులు ఉంటాడు. పెద్ద అచ్చులు చెక్కిన పాతకాలపు పనివాళ్ళలో మిగిలినవాడు ఆయనొక్కడే. డెబ్భై ఏళ్ళు, పొరలు కమ్ముతున్న కళ్ళు. కుడిచేతికి ఎప్పుడూ ఒక గుడ్డ కట్టు. బయ్యన్నను పట్టుకుపోయిన రోజునే ధూసరుడి మనుషులు తన బొటనవేలు నరికేశారని, ఇక ఉలి పట్టలేనని ఆయన ఊరికి చెప్పాడు. తల్లీతండ్రీ లేని చెంగల్వను ఆ రోజునుంచి ఆయనే పెంచాడు. ఎడమచేత్తో గీసి చూపిస్తూ అన్ని విద్యలూ నేర్పాడు. చెంగల్వ ఆయనను తాతా అని పిలుస్తుంది. లోకంలో ఆ పిల్లకు ఇంకెవరూ లేరు.

ఆచార్యులు పేలికను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. గుహ గోడ వెంబడి పన్నెండు మూరల కోరాబట్ట ఆరేసి ఉంది. కరక్కాయ పాలలో ముంచి ఆరబెట్టిన బట్ట అది. తొమ్మిది రోజుల కిందటే చెంగల్వ దాని మీద శరభం ఒళ్ళంతా పటికనీళ్ళతో గీసి, ముఖం ఉండాల్సిన చోట బొగ్గుతో సున్న చుట్టి వెళ్ళింది.

అద్దకం చేసేవాళ్ళకు తెలిసిన తమాషా ఒకటుంది. పటికనీళ్ళతో గీసిన గీత ఆరిందంటే కంటికి కనిపించదు. చేత్తో తడిమినా తెలియదు. ఆ బట్టను చిరివేరు నీళ్ళలో మరిగిస్తే మాత్రం, పటిక తాకిన చోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. అందాకా ఆ బట్ట మీద ఏముందో గీసినవాడికే తెలుసు.

ఆ సాయంత్రం లోగా చెంగల్వ ముఖం గీసేసింది. చివరకు బట్ట మూలన తన ముద్ర వేయబోయి ఆగింది. అరుణావతిలో పని ముగించిన పెద్ద పనివాడు తన బొటనవేలిని పటికలో ముంచి బట్ట మూలన నొక్కడం ఆచారం. దాన్ని మూలముద్ర అంటారు. మామూలు బట్టకైతే అది పనివాడి గుర్తు మాత్రమే. శరభం పటానికి అది యజమాని గుర్తు. ముద్ర ఎవరిదో శరభం వాళ్ళ మాట వింటుంది.

"వెయ్యకు తల్లీ. శరభానికి ఒక యజమాని ఎందుకు? అది ఊరందరిది" అన్నాడు ఆచార్యులు.

ఆ మాట చెంగల్వ మనసుకు ఎంతో నచ్చింది. తాత ఎంత పెద్దమనసుగలవాడో అనుకుంటూ పటిక పిడత మీద మూత పెట్టేసింది.

మర్నాడు తెల్లారగానే గుహ ముందు రాగి గంగాళం పొయ్యికెక్కింది. చిరివేరు పొడి వేసిన నీళ్ళు తెర్లుతున్నాయి. చెంగల్వ పటాన్ని మడతలు మడతలుగా లోపలికి దింపి, పొడవాటి కర్రతో తిప్పసాగింది. ఆచార్యులు గంగాళం పక్కన రాయి మీద కూర్చుని, కనపడీ కనపడని కళ్ళతో ఆవిరిలోకి చూస్తున్నాడు.

మొదట గోళ్ళు వచ్చాయి. లేతగా, గులాబి రంగులో, చూస్తుండగానే ముదిరి ఎర్రబడ్డాయి. తరవాత ఒక రెక్క, ఈక తరవాత ఈక. ఒక్కొక్క ఈక ఆమె చేయంత పొడవు. కర్రతో బట్టను ఎత్తి పట్టుకున్నప్పుడు శరభం ముఖం నీళ్ళు కారుస్తూ బయటికి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ రాజ్యంలో ఎవరూ చూడని అంత పెద్ద ముఖం, అంత ఎర్రని ఎరుపు. చెంగల్వకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అన్న కళ్ళముందు మెదిలాడు.

"వచ్చింది తాతా. నీకు కనిపిస్తోందా?"

ఆయన తలాడించాడు. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు శరభం మెడ చుట్టూ ఒక వలయం తేలింది. చెంగల్వ ఆవిరి అనుకుని కళ్ళు తుడుచుకుంది. వలయం పక్కన ఇంకొక వలయం తేలింది, దానిలో గుచ్చుకుని మరొకటి. అది గొలుసు. మెడనుంచి బయలుదేరి, రొమ్ము మీదుగా, ముందుకాళ్ళ మధ్యగా బట్ట మూలవైపు సాగిపోతోంది. చెంగల్వ గీసిన పటంలో గొలుసు లేదు. కర్ర చేతిలోంచి జారినంత పనైంది.

గొలుసున్న శరభం కాపలాకుక్కతో సమానం. యజమాని ఎవర్ని చీల్చమంటే వాళ్ళను చీలుస్తుంది, తన ఊరివాళ్ళైనా సరే.

"ధూసరుడి మాయ తల్లీ ఇది. నువ్వు లేనప్పుడు ఏ గబ్బిలం రూపంలోనో వచ్చి గీశాడు" అంటూ ఆచార్యులు తల బాదుకున్నాడు. చెంగల్వ నమ్మేసింది. నమ్మడమే కాదు, ముసలివాణ్ణి ఓదార్చింది కూడా. ఇనుప తుక్కు ఊరేసిన కసిం కుండ ఉంది కదా, గొలుసు మీద నల్లరంగు పూసి చెరిపేద్దామంటూ బట్టను పూర్తిగా పైకి లాగింది. ఆఖరి మడత విడిపోయి, మూల బయటపడింది.

గొలుసు కొస ఆ మూలన ఆగింది. కొస దగ్గర ఎర్రగా, స్పష్టంగా, ఒక బొటనవేలి ముద్ర ఉంది. సుడులు తిరిగిన ఆ గీతలను అడ్డంగా కోస్తూ ఒక ఏటవాలు గాటు ఉంది.

ఆ గాటు చెంగల్వకు తెలుసు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆచార్యుల ఇంట్లో అటక మీద దాచిన పాత మంచందుప్పటి ఒకటి ఉండేది. దాని మూలన ఇదే ముద్ర. యవ్వనంలో ఉలి జారి బొటనవేలు కోసుకున్నానని ఆయనే చెప్పాడు. చిన్నప్పుడు చెంగల్వ ఆ ముద్ర మీద తన బుల్లి వేలు ఆనించి, తాత వేలు ఎంత పెద్దదో అని ఆశ్చర్యపోయేది.

గంగాళం కింద కట్టెలు చిటపటలాడుతున్నాయి.

"తాతా, ఆ కట్టు విప్పు" అంది చెంగల్వ.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. చెంగల్వ ముందుకు వంగి, చేయి పట్టుకుని, కట్టు తనే విప్పింది. అరచేతిలోకి మడిచిన బొటనవేలు నిక్షేపంగా ఉంది. పన్నెండేళ్ళు ఎండ తగలక పాలిపోయింది. చివర తొమ్మిదిరోజుల నాటి పటిక పట్టి చర్మం ముడతలు పడింది. ముడతల మధ్య ఏటవాలుగా గాటు.

చెంగల్వ ఆ చేతిని నెమ్మదిగా వదిలేసింది.

"ఆచార్యులుగారూ, మీరు చెప్పండి. నేను వింటాను" అంది.

పన్నెండేళ్ళలో ఆ పిల్ల ఆయనను మీరు అనడం అదే మొదటిసారి. ముసలివాడు ఆ మాటకు చెంపదెబ్బ తిన్నట్టు ముడుచుకుపోయాడు. కాసేపటికి ఏ దాపరికమూ లేకుండా చెప్పేశాడు. ఇక దాచడానికి ఏమీ మిగలలేదు మరి.

"నీ పరికిణీ మీద హంసను అద్దిన అచ్చు నాదే. పొయ్యిలో పడకుండా నేనే దాచాను. భటులొచ్చి అచ్చు ఎవరిదని అడిగారు. ఉలితో నరకడానికి నా వేలు మొద్దు మీద పెట్టారు. నేను బయ్యన్న పేరు చెప్పాను. వాళ్ళు నా వేలు వదిలేశారు. అందర్నీ శాలువాకెక్కించి నిన్నొక్కణ్ణి ఎందుకు వదిలారని ఊరు అడుగుతుంది కదా. వేలు పోయిందంటే ఎవ్వరూ అడగలేదు."

"మరి నన్ను పెంచింది?"

"మొదట పాపభయంతో. తరవాత నీ చేతిపని చూసి." ఆయన పటం వైపు మొహం తిప్పాడు. "నా కళ్ళు పోతున్నాయమ్మీ. పోయేలోగా ఒక్కసారి పెద్ద బొమ్మ చూడాలనుకున్నాను. ముఖం ముక్క దాచుకున్నవాడు ధూసరుడు, చూడనిస్తానన్నవాడూ అతనొక్కడే. గొలుసు వేసి ఇమ్మన్నాడు, ముద్ర తను వేసుకుంటానన్నాడు. నిన్నటి గుర్రాలు నీకు అనుమానం రాకుండా ఆడిన నాటకం. ఎవరి కొలువులో ఉంటేనేం, బొమ్మ బతికింది కదా అనుకున్నాను."

తనకు గోరుముద్దలు తినిపించిన చేయి, జ్వరం వస్తే నుదుట తడిగుడ్డ వేసిన చేయి, అన్నను పట్టించిన చేయి, మూడూ ఒకటే. ఆ చేతికి సాయంగా నాలుగేళ్ళు దేశమంతా తిరిగి, ప్రాణానికి తెగించి, తన అన్నను చంపేవాడి కోసం తనే శరభాన్ని తయారుచేసి పెట్టింది. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. బట్టను ఒక్క లాగు లాగి పొయ్యిమంటలో వేయబోయింది.

ముసలివాడు వయసుకు మించిన వడితో బట్ట మీద పడి కౌగిలించుకున్నాడు. వేడికి చేతులు బొబ్బలెక్కుతున్నా వదల్లేదు. ఇద్దరూ పెనుగులాడుతుండగా గుట్ట మీదికి నీడ కమ్ముకుంది.

ఎనిమిది రాబందులు లాగే రథం అది. దానిలో ధూసరనాథుడు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద బూడిద, గడ్డం బూడిద, కళ్ళు కూడా బూడిదరంగే. భుజాన తెల్లని శాలువా. దాని మీద వందల కొద్దీ వేలెడేసి మనుషులు. చెంగల్వ కళ్ళు వాళ్ళలో ఒక్కడినే వెతికాయి. కుడి భుజం అంచున ఉన్నాడు బయ్యన్న. పలచబడి, పలచబడి, పాలమరకలా మిగిలాడు. మోకాళ్ళ కింద కాళ్ళు అప్పటికే కనిపించడం లేదు.

రథం వెనక దిగిన భటులు చెంగల్వను చెట్టుకు అదిమి పట్టుకున్నారు. పటాన్ని కెంపేట్లో జాడించి, గుట్ట మీది నల్లబండ పైన ఎండలో పరిచారు. చివరి తడి ఆరిన క్షణాన శరభం లేస్తుందని మాంత్రికుడికి తెలుసు. అతను తీరుబడిగా బండ దగ్గరికి నడిచి, ముల్లుతో తన బొటనవేలు గుచ్చుకుని, నెత్తుటి చుక్కను పటం మూలన నొక్కాడు.

నెత్తురు బట్టకు అంటలేదు. బొట్టుగా జారి బండ మీద పడింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ జారింది. అప్పుడు వంగి చూశాడు. ఒక పటానికి ఒకే ముద్ర. ఆ చోటు అప్పటికే నిండి ఉంది.

అందరి కళ్ళూ ఆచార్యుల మీదికి తిరిగాయి. ఆచార్యులు తన బొటనవేలు వైపు చూసుకున్నాడు, అది వేరెవరిదో అయినట్టు. గొలుసు గీయడానికి కట్టు విప్పాడు. పన్నెండేళ్ళ తరవాత ఆ చేయి పనిలో పడింది. కొస దాకా గీశాడు, పని ముగిసింది. పని ముగిశాక చేయి ఏం చేస్తుందో అది ఆ చేతికే తెలుసు. ఎప్పుడు నొక్కిందో ఆయనకు గుర్తు కూడా లేదు.

"కావాలని కాదు ప్రభూ. అరవై ఏళ్ళ అలవాటు" అన్నాడు. అన్నది అక్షరాలా నిజం.

జీవితమంతా మనుషులను మోసగించి బతికినవాడికి నిజం వింటే ఒళ్ళు మండుతుంది. శరభాన్ని తన సొంతం చేసుకోవడానికే ముసలివాడు ఈ ఎత్తు వేశాడని ధూసరుడు తేల్చేసుకున్నాడు. బెత్తం ఎత్తి ఆచార్యుల నెత్తిన తాకించాడు. సింగనాచార్యులు ఉన్న చోట ఖాళీ మిగిలింది. శాలువా కుడి అంచున, బయ్యన్న పక్కన, కొత్త బొమ్మ ఒకటి పడింది. ఇప్పుడే గంగాళంలోంచి తీసినంత ఎర్రగా ఉంది. దాని కుడిచేతికి కట్టు లేదు.

సరిగ్గా అప్పుడే పటం మీద ఆఖరి తడి ఆరింది.

ముందు బండ మీద గాలి వేడెక్కింది. బట్ట అంచులు పైకి లేచాయి. ఎర్రని ఈకలు ఒకదానిమీదొకటి రెపరెపలాడుతూ బట్టను వదిలి పైకొచ్చాయి. ఎనిమిది కాళ్ళు ఎనిమిది చోట్ల నేలను తొక్కాయి. నారగుట్ట అదిరింది. ఎండ ఆ రెక్కలలోంచి పడి, భటుల బూడిద బట్టలూ, రాళ్ళూ, ఏరూ అన్నీ ఎర్రబడిపోయాయి. మెడలో గొలుసు గలగల్లాడింది. చెంగల్వను పట్టుకున్న భటులకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయుధాలు పారేసి దొరికిన దారిన పరుగు తీశారు.

శరభం ఎవరినీ తాకలేదు. ముట్టె ఎత్తి గాలిని పీల్చింది. యజమాని కోసం వెతికింది. తల నెమ్మదిగా తిరిగి ధూసరనాథుడి కుడి భుజం దగ్గర ఆగింది.

తను ఏం చేశాడో మాంత్రికుడికి అప్పుడు బోధపడింది. శరభం యజమానిని తన భుజాన వేసుకుని నిలబడ్డాడు. యజమాని బతికున్నంతవరకు ఆ మృగం తనను వదలదు. యజమాని పోతే అది మళ్ళీ గుడ్డ అయిపోతుంది. ఒక్క గంతులో రథమెక్కి, రాబందులను చవుటిమడుగుకు తోలాడు. పున్నమి దాకా ఆగే ఓపిక ఇప్పుడు అతనికి లేదు. ఒక్కనాడే పన్నెండు ఉతుకులూ వేయిస్తే ముసలివాడు ఈ రోజే వెలిసిపోతాడు. బయ్యన్నకైతే మొదటి ఉతుకే చాలు.

శరభం రెక్కలు విప్పింది. దాని మెడనుంచి వేలాడే గొలుసు కొస బండ మీద ఈడ్చుకుపోతుండగా, చెంగల్వ ఒక్క దూకు దూకి రెండు చేతులతో పట్టుకుంది. మరుక్షణం నారగుట్ట కాళ్ళ కింద లేదు.

కెంపేరు దారంలా సన్నబడింది. పొలాల్లో, వీధుల్లో బూడిదరంగు జనం తలలెత్తి చూస్తున్నారు. కొందరు చేతులు జోడించారు, కొందరు పిల్లలను ఎత్తుకుని వేలు పెట్టి చూపిస్తున్నారు. చెంగల్వకు వాళ్ళను చూసే తీరిక లేదు. వలయం మీద వలయం పట్టుకుని పైకి పాకుతోంది. అరచేతులు చీరుకుపోయాయి. ఎలాగో శరభం మెడ చేరి, ఈకలు పట్టుకుని కూర్చుంది.

రథం ఎంతో దూరంలో లేదు. నాలుగు రెక్కల విసుర్లలో అందుకోవచ్చు. కాని శరభం అందుకోవడం లేదు. రథం ఎంత దూరం జరిగితే అంతే దూరం జరుగుతూ, కుక్క యజమాని వెనక పోయినట్టు నిదానంగా పోతోంది. చెంగల్వ అదిలించింది, పిడికిళ్ళతో గుద్దింది, దానికి ముఖం గీసింది నేనేనని అరిచి చెప్పింది. శరభం చెవి కూడా కదపలేదు. దానికి ఆజ్ఞ లేదు. ఆజ్ఞ ఇవ్వవలసినవాడు ముందు రథంలో, శాలువా మీద వేలెడంత బొమ్మై ఉన్నాడు.

కింద తెల్లగా చవుటిమడుగు కనిపించింది. గట్టున ఉతుకుబండ దగ్గర రేపటి ఉతుకు కోసం వచ్చిన చాకళ్ళు నిలబడ్డారు. రథం దిగడం మొదలుపెట్టింది. గాలికి శాలువా విప్పుకుని జెండాలా ఎగురుతోంది. దాని అంచున పక్కపక్కనే ఇద్దరు మనుషులు. ఒకడు పాలమరక, ఒకడు నెత్తురు ఎరుపు. పట్టించినవాడూ పట్టుబడినవాడూ ఒకే గుడ్డ మీద. ఒకణ్ణి నీళ్ళకు వదిలేసి ఇంకొకణ్ణి దక్కించుకునే ఉపాయమే ఉంటే చెంగల్వ క్షణం ఆలోచించేది కాదు. అలాంటి ఉపాయం లేదు.

"ఆచార్యులుగారూ" అని పిలిచింది.

ఎర్రబొమ్మ కదల్లేదు. రథం ఇంకాస్త కిందికి దిగింది. ఆయనకు ఆ పేరు వినబడదని చెంగల్వకు తెలుసు. పన్నెండేళ్ళుగా ఆయన చెవి అలవాటుపడ్డ పిలుపు వేరు. ఆ పిలుపు ఈ ఉదయమే చచ్చిపోయింది. దాన్ని ఇంకెప్పుడూ నోట పలకనని ఆమె మనసులో ఒట్టుపెట్టుకుంది కూడా.

మడుగు నీళ్ళ వాసన ముక్కుకు తగిలింది. ఆ చవుటి ఆవిరికే బయ్యన్న నడుము దాకా వెలిసిపోయాడు.

చెంగల్వ పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"తాతా."

దూరాన శాలువా మీద ఎర్రబొమ్మ చేయి, బొటనవేలున్న చేయి, నెమ్మదిగా పైకి లేచింది. గొలుసు ఫెళ్ళున బిగిసింది. శరభం గాలిలో నిలిచిపోయి, తల తిప్పింది. రథం వైపు కాదు, తన మెడ మీద కూర్చున్న చెంగల్వ వైపు, ఇక నీ ఆజ్ఞే అన్నట్టు.